లక్డీకాపూల్ పెద్దమనిషి కొన్న వెండి

మా తమ్ముడు శ్రీహరి పొద్దున ఏడింటికి ఫోన్ చేశాడంటే ఎవరికో ఒంట్లో బాగాలేదని గానీ, వాడేదో పోగొట్టుకున్నాడని గానీ అనుకోవాలి. పోయిన నెలలో మాత్రం ఒకటి దొరికిందని చేశాడు. ఆబిడ్స్ వెనక సందులో మా నాయన పెట్టిన పాత వెండి సామాను దుకాణాన్ని, ఆయన పోయాక వాడే నడుపుతూ వచ్చాడు. ఇప్పుడు ఆ బిల్డింగు పడగొట్టి కొత్తది కడతారట, వాడు ఖాళీ చేస్తున్నాడు. బీరువా జరిపితే వెనక గోడలో ఒక గూడు, గూట్లో ఒక గుడ్డసంచి, సంచిలో నల్లగా మసిబారిన తొమ్మిది వెండి వస్తువులు. ఒక్కొక్కదానికి దారం కట్టి ఉందట. దారానికి చిన్న అట్టముక్క, దాని మీద నాయన చేతిరాతలో ‘సుజాత’ అని ఉందట. సుజాతను నేనే.

“నీకోసమే దాచిపెట్టిండక్కా. నీ పెండ్లప్పుడు ఇద్దామనుకొని మరిచిపోయిండేమో,” అన్నాడు వాడు. గొంతులో కాస్త ఉడుకుమోత్తనం వినిపించింది. నాకు అరవై ఆరు, వాడికి అరవై మూడు, అయినా నాయన ఎవరికి ఏమిచ్చాడన్న లెక్క మాత్రం మాకింకా తెమలలేదు. వెండి ధర ఇప్పుడు ఆకాశంలో ఉందనీ, రేపో మాపో దిగొచ్చినా రావచ్చనీ, కొనే మనిషి సిద్ధంగా ఉన్నాడనీ, అంతా కరగబెట్టడానికి తీసుకుపోతాడనీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. కరిగించాలా, వస్తువులుగా అమ్మాలా, నన్నే తేల్చమన్నాడు. ఎనిమిది రోజులు కావాలన్నాను. వాడు నవ్వి, “గా పాత ముచ్చట ఇంక ఇడ్సవా,” అన్నాడు. విడవను. ఆ ముచ్చట ఏమిటో, దాన్ని ఎందుకు విడవనో చెప్పాలంటే నాంపల్లిలో మా రెండు గదుల కిరాయి ఇంటికి వెళ్ళాలి.

రైలు కూత వినపడితే అమ్మ బియ్యం కడిగే ఇల్లు అది. గడియారం లేక కాదు, గడియారం కంటే బండి మీద ఆమెకు నమ్మకం ఎక్కువ, బండి ఆలస్యమైన రోజున మాకు అన్నమూ ఆలస్యమయ్యేది. ఇంట్లో ఎప్పుడూ మూడు వాసనలు ఉండేవి. పొయ్యి మీద ఉడికే కుంకుడుకాయలది, నాయన చిన్న కొలిమి దగ్గర కరిగే వెలిగారానిది, వెండిని పరీక్షించే యాసిడ్‌ది. కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకునేవాళ్ళు. నాయన పుట్టుకకు అవుసలాయన, అంటే బంగారం పని చేసే ఇంటివాడు. కానీ నగలు చెయ్యడం కంటే పాత వెండిని కొని అమ్మడం మీద మనసు పడ్డాడు. ఊరు విడిచిపోయే రైల్వే ఆఫీసర్లు, పాత నవాబుల దేవిడీల వారసులు, సామానంతా అమ్ముకుని పోయే ముసలి దొరసానులు తెచ్చే ఇంగ్లీషు వెండి అది. స్టెర్లింగ్ అంటారు. నూటికి తొంభై రెండున్నర పాళ్ళు వెండి, మిగతాది రాగి. మనవాళ్ళకు పూజకైనా పెళ్ళికైనా మేలిమి వెండి కావాలి, రాగి కలిసింది కల్తీ కింద లెక్క. అందుకని చుట్టుపక్కల వ్యాపారులు ఆ వెండి చేతికి రాగానే ముక్కలు కొట్టి కరిగించే మూసలో వేసేవాళ్ళు. ప్రతి వస్తువును పట్టుకుని దీన్ని కరిగించాలా, అమ్మాలా అని కూర్చుని ఆలోచించే మనిషి ఆ సందులో మా నాయన ఒక్కడే. అందుకు ఆయన్ను చూసి చాటున నవ్వేవాళ్ళు, ఎదుట కూడా నవ్వేవాళ్ళు.

ఆ ఆలోచన ఆయనకు పుట్టుకతో రాలేదు, కనుబొమ్మలు కాల్చుకుంటే వచ్చింది. దుకాణం పెట్టిన కొత్తలో ఒక జత కొవ్వొత్తి స్తంభాలు వచ్చాయి. చేతికి బరువుగా తగిలితే నిండు వెండి అనుకుని తూకానికి కొన్నాడు. ఆ సాయంత్రమే ఒకదాన్ని మూసలో పెట్టాడు. పైన రేకంత వెండి, లోపల నిండా తారు. బరువు కోసం ఇంగ్లీషువాళ్ళు అట్లా నింపుతారని ఆయనకేం తెలుసు? మంట ఒక్కసారి లేచి కనుబొమ్మలు రెండూ, మీసం ఒక పక్కా ఎత్తుకుపోయింది. అమ్మ మొహానికి వెన్న రాస్తూ ఒకే మాట అన్నదట. “ఇంటికొచ్చిన కోడలి గుణం గూడ ఎనిమిది రోజులు సూస్తెనే తెలుస్తది. నువ్వు దించంగనే పొయ్యిల పెడ్తివి. ఇగనుంచి ఏది తెచ్చినా ఎనిమిది రోజులు మనింట్ల మనతోటి ఉండాలె. గప్పుడు జెప్పు.” రెండో స్తంభాన్ని ఆమె పొయ్యి పక్కనే పెట్టింది. నాలుగో రోజుకు అడుగు నుంచి నల్లగా కారి బండంతా అంటుకున్నది. నాయన ఆ మరకను చూసి, మారు మాట్లాడకుండా అమ్మ చెప్పినట్టే చేస్తూ వచ్చాడు.

అట్లా మా ఇంట్లోకి వచ్చిన ప్రతి వస్తువూ ఎనిమిది రోజులు మాతో కాపురం చేసేది. వాడకుండా ఊరికే పెట్టకూడదు, అదీ అమ్మ షరతు. అయితే ఎట్లా వాడాలో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. కాల్చిన రొట్టెముక్కలు నిలబెట్టే స్టాండులో అమ్మ అప్పడాలు నిలబెట్టేది. చేప ముక్కలు వడ్డించే వెడల్పాటి అట్లకాడతో, చేప ఎరగని మా ఇంట్లో, అట్లు తిరగేసేది. చక్కెర గడ్డలు తీసే పట్టకారు సాంబ్రాణికి నిప్పు తీయడానికి పనికొచ్చింది. గుడ్డు నిలబెట్టే కప్పులో కుంకుమ పోసింది. మా తరగతి పిల్లలు సత్తు గ్లాసుల్లో నీళ్ళు తాగుతుంటే, రేషన్ బియ్యం తినే మేము ఎవరి వంశముద్రో ఉన్న గ్లాసులో మజ్జిగ తాగేవాళ్ళం. ఎనిమిదో రోజు అన్నాలయ్యాక నాయన చాప మీద తెల్ల గుడ్డ పరిచి వస్తువును మధ్యలో పెట్టేవాడు. అమ్మ గాజుతో దాన్ని ఒకసారి తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేది. చేతికి ఒదిగిందా, వేడికి ఓర్చిందా, అతుకు ఊడిందా, అన్నీ చెప్పేది. అప్పుడు నాయన అడిగేవాడు, “కొలిమా, కౌంటరా?” అమ్మ కొలిమి అంటే కొలిమి, కౌంటరు అంటే కౌంటరు. బడి గడప తొక్కని మా అమ్మ ఎన్ని సొగసైన వస్తువుల ప్రాణం నిలబెట్టిందో ఇప్పుడు తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది. అప్పట్లో సిగ్గుగా ఉండేది. బడిలో ‘పాత సామాన్లోళ్ళ పిల్ల’ అనేవాళ్ళు, నేను ఏడ్చుకుంటూ వచ్చేదాన్ని.

ఇక నా ఘనకార్యం. నాంపల్లి స్టేషను వెనక ఒక ముసలామె ఒంటరిగా ఉండేది, పిల్లలకు పియానో నేర్పేది. ఆమె ఒక చక్కెర గిన్నె అమ్మజూపింది. పల్చని అంచు, రెండు చెవులు, పొట్ట మీద తీగె. డబ్బు అవసరమై ఇస్తున్నానని, దీన్ని మాత్రం కరిగించొద్దని, ఎవరైనా వాడుకునేవాళ్ళకే ఇవ్వమని అడిగింది. నాయన మాటిచ్చాడు. ఎనిమిది రోజులయ్యాయి, అమ్మ కౌంటరు అన్నది, కాచిగూడ నుంచి ఒక డాక్టరు ఆదివారం వచ్చి తీసుకుంటానన్నాడు. శనివారం గిన్నె తోమే పని నాది. నాకప్పుడు పదిహేనేళ్ళు, తోమడంలో నన్ను మించినవాళ్ళు లేరని నమ్మకం. ఇంగ్లీషు వెండిని కుంకుడు రసంతో, మెత్తని పాత ధోవతి గుడ్డతోనే తుడవాలని అమ్మ వందసార్లు చెప్పింది. నేను అట్లాగే తుడిచాను. కానీ అడుగున నాలుగు నల్లటి గాట్లు పోలేదు. ఎవరో మొలతో గీకారనుకున్నాను. నాయన పెట్టెలోంచి గరుకు కాగితం తీసి, అవి మాయమై అడుగు అద్దంలా మెరిసేదాకా రుద్దాను. చేతులు నొప్పి పుట్టినా ఆపలేదు, రేపు అందరూ మెచ్చుకుంటారని.

ఆ గాట్లే ముద్రలు. ఇది అసలైన స్టెర్లింగ్ అని, ఫలానా ఊళ్ళో, ఫలానా ఏడాది, ఫలానా పనివాడు చేశాడని చెప్పేవి. యాసిడ్ చుక్క వేస్తే వెండి అని తేలుతుంది గానీ, పాత వస్తువు కొనేవాళ్ళకు కావలసింది ఆ ముద్రలు. డాక్టరు గిన్నె తిరగేసి చూసి, మర్యాదగా కింద పెట్టి వెళ్ళిపోయాడు. నాయన నన్ను కొట్టలేదు. నా చెయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో గిన్నె పట్టుకుని, పియానో టీచరమ్మ ఇంటికి నడిపించాడు. జరిగింది జరిగినట్టు చెప్పి, ఇప్పుడు దీన్ని కొలిమికి తప్ప ఎవరూ కొనరనీ, ఆమెకిచ్చిన మాట కోసం వెనక్కి ఇచ్చేస్తున్నాననీ, డబ్బు తిరిగి ఇవ్వనక్కర్లేదనీ అన్నాడు. ఆమె గిన్నె అడుగున తన మొహం చూసుకుని నవ్వింది. “మీ ఇంట్ల చాయ్ తాగ్తరు గద? చక్కెర గిండ్లనే పోసుకోన్రి. నాక్కావాల్సింది గంతే,” అని నా చేతిలోనే పెట్టింది. దారిలో నాయన ఒక్క మాటే అన్నాడు, “పోయిన గుర్తులన్నీ ఇగ నీ కండ్లల్ల ఉండాలె బిడ్డా.” ఆ గిన్నె ఈ రోజుకీ నా వంటింట్లో ఉంది, చక్కెర అందులోనే ఉంది.

ఆ మర్నాటి నుంచి బడి వదలగానే దుకాణంలో నా చదువు మొదలైంది. భూతద్దం కింద నడిచే సింహం ఉంటే వెండి అసలుది. లంగరు ఉంటే ఒక ఊరు, చిరుతపులి తల ఉంటే ఇంకో ఊరు. పక్కన అక్షరం ఏడాదిని చెబుతుంది. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచినప్పుడు, నాతోటి పిల్లలు నవలలు ఏరుకుంటుంటే నేను వెండి ముద్రల బొమ్మలున్న పుస్తకం కోసం వెతికేదాన్ని. ఒకటి దొరికింది, అట్ట లేనిది. దాన్ని తెచ్చుకున్న రోజు నాయన మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీం తినిపించాడు. పదిహేడేళ్ళు వచ్చేసరికి ఎనిమిదో రోజు సభలో అమ్మ తన మాట చెప్పి నా వైపు చూడటం మొదలుపెట్టింది. నాయన దుకాణంలో పెద్ద పెద్ద వ్యాపారుల ముందు, “మా బిడ్డనడుగున్రి,” అనేవాడు. నా పెళ్ళయ్యేదాకా, అయిదేళ్ళపాటు, కొలిమా కౌంటరా అన్నది నేనే చెప్పాను. ఉత్తపుణ్యానికి పొగుడుకుంటున్నానని అనుకున్నా సరే, నేను చెప్పిందల్లా జరిగింది. కౌంటరు అన్న వస్తువు కొన్నాళ్ళకు అమ్ముడుపోయేది.

కొన్ని ఆలస్యమయ్యేవి. అద్దాల బీరువాలో నెలల తరబడి ఉండేవి. నాకు లోపల గుబులుగా ఉండేది గానీ బయటపడేదాన్ని కాదు. ఒకరోజు చూస్తే ఆ చోటు ఖాళీగా కనిపించేది. ఏమైందని అడిగితే నాయన తల ఎత్తకుండా, “పోయింది బిడ్డా. లక్డీకాపూల్ పెద్దమనిషి కొన్నడు,” అనేవాడు. ఎవరూ మెచ్చని నా వస్తువులను ఆ లక్డీకాపూల్ పెద్దమనిషి మెచ్చేవాడు. ఆయన్ను నేను ఎంత ఊహించుకున్నానో. పెద్ద సర్కారు ఆఫీసులో కూర్చుంటాడని, బంగారు ఫ్రేము కళ్ళద్దాలని, లోకమంతా తిరిగినవాడని. ఒకసారి చూడాలని ఉందంటే, నేను కాలేజీకి పోయినప్పుడే వస్తాడనేవాడు నాయన. కాలేజీలో స్నేహితురాళ్ళ ముందు, మా దుకాణానికి ఎవరెవరు వస్తారో మీకేం తెలుసని ఆయన గురించి కోతలు కోసేదాన్ని కూడా.

శ్రీహరి సంచి ఇచ్చి వెళ్ళాక, కాచిగూడలో మా ఇంట్లో తొమ్మిదింటినీ పళ్ళెంలో పోసుకుని కూర్చున్నాను. ఏళ్ళ మసి, చేతికి అంటుకుంటున్నది. ఏది ఏమిటో పోల్చుకోలేకపోయాను. కుంకుడుకాయలు ఉడకబెట్టాను. మా ఆయన, రిటైరైన గుమాస్తా, ఈ ఇంట్లోకి యాభై ఏళ్ళ కిందటి వాసన ఎక్కణ్ణుంచి వచ్చిందని హాల్లోంచే అడిగాడు. మొదటిరోజు అప్పడాల స్టాండు తేలింది, రెండోరోజు టీ వడపోసే జల్లెడ, చక్కెర పట్టకారు, లోపలి గాజుగిన్నె పోయిన ఆవపిండి బుడ్డి. నాయన నాకోసం ఎంచి ఎంచి పెట్టాడని మురిసిపోయాను. శ్రీహరికి ఫోన్ చేసి మరీ చెప్పాను. తర్వాత మూడు ఫోర్కులు, పిడి కదిలే వెన్న చాకు. వాటిని చూసి కొంచెం తికమక పడ్డాను. కూతురికి ఇద్దామనుకున్న తండ్రి పళ్ళు అరిగిన ఫోర్కులు ఎందుకు దాస్తాడు? అయిదో రోజు సిగరెట్ల పెట్టె తెరిచాను. మూత లోపల మసి తుడుస్తుంటే ఒక ఆడపేరు, ఒక మగపేరు, మధ్యలో అల్లిన తీగె బయటపడ్డాయి.

ఆ పెట్టె కోసం నేను నాయనతో గట్టిగా వాదించాను. మూత బందు విరిగింది, పైగా ఎవరివో పేర్లు చెక్కి ఉన్నాయి, ఎవరు కొంటారని అమ్మ కొలిమి అన్నది. అంత ప్రేమగా చెక్కిన పేర్లను కరిగిస్తారా అని నేను కౌంటరు అన్నాను. మూడు నెలల తర్వాత దాన్ని లక్డీకాపూల్ పెద్దమనిషి కొన్నాడు. ఫోర్కులు కూడా ఆయనే కొన్నాడు. వెన్న చాకు ఆయనే, అప్పడాల స్టాండు ఆయనే. పళ్ళెంలో ఉన్న తొమ్మిదీ ఆయన కొన్నవే. కుంకుడు నురగ చేతులతో కుర్చీలో కూర్చుండిపోయాను. ఆ పెద్దమనిషి మా నాయనే. అట్టముక్క మీద నా పేరు, ఇవి నావని కాదు. వీటిని కరిగించొద్దన్నది నేనని.

నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది, దాచుకోవడానికేముంది. అమ్మ రెండు నెలలు దవాఖానలో ఉన్నప్పుడు నాయన తన సైకిలు అమ్మాడు. చేతి ఉంగరం అమ్మాడు. చేతికందే దూరంలో, గోడ గూట్లో ఇంత వెండి ఉంది. తెల్లారేసరికి మూసలో వేస్తే గండం గడిచేది. వెయ్యలేదు. పదిహేడేళ్ళ ఆడపిల్ల కౌంటరు అన్నది కాబట్టి వెయ్యలేదు. అమ్మలేకపోయాడు, కరిగించలేకపోయాడు, నా నమ్మకం చెదరకుండా ఒక పెద్దమనిషిని కల్పించాడు. నలభై ఏళ్ళు టీచరుగా ఏ పిల్ల జవాబైనా ఓపిగ్గా విన్నానంటే ఆ ధైర్యం ఎక్కడిదో నాకిప్పుడు తెలిసింది. ఆ రాత్రి అన్నంలోకి అప్పడాలు వేయించి ఆ స్టాండులోనే నిలబెట్టాను.

మిగిలిన రోజులూ వాడాను. లెక్క ప్రకారం వాడాను, ఫోర్కుతో మామిడి ముక్కలు తిన్నాం, చాకుతో రొట్టెకు వెన్న రాశాం, పిడి మా ఆయన చేతిలోకి ఊడొచ్చింది. ఎనిమిదో రోజు తెల్ల గుడ్డ పరిచి, అమ్మలాగే గాజుతో తట్టి విన్నాను. పదిహేడేళ్ళ కళ్ళతో కాదు, ఇప్పటి కళ్ళతో చూశాను.

దుకాణానికి వెళ్ళేసరికి శ్రీహరితో పాటు కొనే వ్యాపారి కూడా ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. పిస్తోలు లాంటి చిన్న మిషను ఉంది అతని దగ్గర. వస్తువుకు ఆనించి నొక్కితే రెండు క్షణాల్లో వెండి ఎన్ని పాళ్ళో అంకెల్లో చూపిస్తుంది. నేను వేడుకకు నా చక్కెర గిన్నె కూడా తీసుకుపోయాను. ముద్రలు లేని గిన్నె మీద నొక్కి, తొంభై రెండున్నర అన్నాడు. ఏ ఊరిదో, ఏ ఏడాదిదో దానికీ తెలియదు. అది గొప్ప మిషనే, కాదనను. కానీ చాకు పిడి ఊడుతుందని అది చెప్పలేదు. అతనికి తొమ్మిదీ ఒకటే తూకం, ఒకటే కొలిమి. నేను స్టాండు, జల్లెడ, పట్టకారు, ఆవపిండి బుడ్డి ఒక పక్కకు జరిపి, ఫోన్లో ఫోటోలు పెట్టి వీటిని వస్తువులుగానే అమ్మమని శ్రీహరికి చెప్పాను. మూడు ఫోర్కులు, చాకు, సిగరెట్ల పెట్టెల దారాలు విప్పి, అట్టముక్కలు నా సంచిలో వేసుకుని, అయిదింటినీ వ్యాపారి ముందు పెట్టాను. కొలిమి అన్నాను. అసలు సంగతంతా అప్పుడే తమ్ముడికి చెప్పాను.

వాడు, “నాయన గన్ని కష్టాలల్ల గూడ ముట్టలే గదక్కా. నువ్వు గిట్ల ఇచ్చేస్తవా?” అన్నాడు.

“నాయన నా మాటకు ఆగిండురా. గా మాట తప్పు. దిద్దాల్సింది గూడ నేనే గద,” అన్నాను. పెట్టె మూత ఒకసారి తెరిచి ఆ రెండు పేర్లూ చదివి మూసేశాను. అమ్మ ఆనాడే సరిగ్గా చెప్పింది. నాయన కూతుర్ని అని అంత గట్టిగా నాకెప్పుడూ అనిపించలేదు.

వ్యాపారి అయిదింటినీ తూచి, తన తుక్కుసంచిలో వేసుకుంటూ ఆగాడు. ఆ సంచిలోంచే వేరెవరి దగ్గరో కొన్న ఒక చెంచా తీశాడు. పొడుగు కాడ, చివర చిన్న పువ్వు. “అమ్మా, గిది గూడ జర జూస్తరా? కరగబెట్టాల్నా, ఉంచాల్నా?” అని అడిగాడు.

వెలుతురుకు తిప్పి చూశాను. అడుగున సింహం నడుస్తున్నది. అతని చేతిలోనే తిరిగి పెట్టి, “నేను జెప్తె ఎట్ల బాబూ. ఎనిమిది రోజులు మీ ఇంట్ల వాడున్రి. గప్పుడు నువ్వే నాకు జెప్పు,” అన్నాను.

అతను నవ్వలేదు. చెంచాను తుక్కుసంచిలో వెయ్యకుండా రుమాల్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.